ఒకే సంచిలో రెండు సీసాలు

మందుల కౌంటర్ వెనక ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేశాను. ఆ ఏళ్ళలో చేసిన మంచి పనులు పెద్దగా గుర్తులేవు. తప్పులు మాత్రం ఏ వారం, ఏ వేళ, ఆ రోజు ఏ చీర కట్టుకున్నానన్న దాంతో సహా గుర్తున్నాయి. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఫార్మసీ చదువు అయిపోయి కొత్తగా కౌంటర్ వెనక నిలబడే పిల్లలు దీన్ని చదవాలని నా కోరిక. డాక్టరు రాసిన మందే ఇచ్చాను, రాసినంతే ఇచ్చాను, ఎలా వాడాలో కూడా చెప్పాను. అయినా దాని ఫలితం ఒక పసిపిల్ల మీద పడింది.

మా నాన్న విజయనగరం జిల్లా నుంచి స్టీల్ ప్లాంటులో పనికి భిలాయి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది, ఉద్యోగం చేసింది అంతా ఇక్కడే. భిలాయిలోనే కోహ్కా అనే పేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో మందుల కౌంటర్ నాది. పిల్లల డాక్టరమ్మ రోజూ ఒంటిగంట దాకా ఉండేవారు. చర్మం డాక్టరుగారు వారానికి మూడు రోజులు సాయంత్రం పూట వచ్చేవారు. ఇంజెక్షన్ గదిలో ఛత్తీస్‌గఢీ నర్సు ఒకావిడ ఉండేది. వయసులో నాకన్నా చిన్నదే అయినా ఆమెను అందరం దీదీ అనేవాళ్ళం, ఆమె నన్ను దీదీ అనేది.

ఒక వానాకాలం సాయంత్రం ఒక కుర్రాడు చీటీ పట్టుకుని కౌంటర్‌కి దూరంగా నిలబడ్డాడు. తలమీద టోపీ. తనకన్నా వెనక వచ్చిన వాళ్ళందరినీ ముందుకు పోనిచ్చి, ఎవరూ లేకుండా అయ్యాక దగ్గరికొచ్చాడు. చీటీ చూశాను. జుట్టు రాలకుండా తలకు రాసే మందు, మినాక్సిడిల్. అప్పుడే నేను ఎవరితోనో ఫోన్‌లో తెలుగులో మాట్లాడి పెట్టేశాను.

"ఆంటీ, మీరు తెలుగోళ్ళా?" అన్నాడు కంగారుగా.

"అవును."

"అయితే ఎవరికీ చెప్పకండి ప్లీజ్. మాది సెక్టర్ ఫోర్, ప్లాంటు క్వార్టర్స్. అక్కడైతే అందరికీ తెలిసిపోద్దని ఇంత దూరం వచ్చాను."

"పేషెంట్ల సంగతులు ఇంటికి మోసుకెళ్ళే అలవాటు నాకు లేదు నాయనా. మాటిస్తున్నాను, చాలా?"

టోపీ తీశాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. నుదురు రెండు వైపులా వెనక్కి పోయింది, నడినెత్తిన చర్మం కనబడుతోంది. రోలింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ అని చెప్పాడు.

"హెల్మెట్ వల్లే పోయిందాంటీ."

"డాక్టరుగారు ఏమన్నారు?"

"హెల్మెట్ కాదన్నారు. మీ నాన్నగారిని ఎప్పుడైనా టోపీ లేకుండా చూశావా అనడిగారు."

నవ్వాపుకున్నాను. వాడు మాత్రం నవ్వలేదు. పెళ్ళయి ఏడాది. భార్య పురిటికని పలాస దగ్గర పుట్టింటికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి కనీసం పెళ్ళి ఫొటోలో ఉన్నంత జుట్టయినా ఉండాలని వాడి పట్టుదల. మిల్లులో తోటివాళ్ళు "టక్లూ", అంటే బట్టతలోడా, అని పిలవడం మొదలుపెట్టారట. ఆమె ముందు ఎవరైనా అలా పిలిస్తే ఏం చేయాలో తెలీదన్నాడు.

పద్ధతి అంతా చెప్పాను. తల పొడిగా ఉండాలి. డ్రాపర్ మీద గీత దాకా, పూటకొకసారి చొప్పున రోజుకి రెండుసార్లు. వేళ్ళతో మెల్లగా అద్దాలి. చేతులు కడుక్కోవాలి. నాలుగు గంటలు తల తడపకూడదు. నాలుగు నెలలు చూడనిదే వచ్చింది, రాలేదు అని తేల్చకూడదు. ఇదంతా వాడు ఫోన్‌లో రాసుకున్నాడు.

ఆరు వారాలకి మళ్ళీ వచ్చాడు. ఈసారి జనం ఉన్నా ఆగలేదు. ముఖం పీక్కుపోయి ఉంది.

"ఉన్నదీ పోతోందాంటీ. దువ్వెన పెడితే గుప్పెడు ఊడొస్తోంది. ఇది మందా ఏంటి?"

ఈ మందు మొదలుపెట్టిన చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మొదటి వారాల్లో పాత వెంట్రుకలు రాలి కొత్తవాటికి చోటిస్తాయి. ఆ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ లోటు పూడ్చుకోవాలనో ఏమో కాస్త గట్టిగానే మాట్లాడాను.

"ఇప్పుడు ఆపావంటే పడ్డ కష్టమంతా వృథా. రాలనీ. పూట తప్పకుండా రాయి. నాలుగు నెలలయ్యాక వచ్చి నన్ను తిట్టు, పడతాను."

వాడు తిట్టడానికి రాలేదు. ప్లాంటులో పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంటుంది, ఏ పనైనా టైము ప్రకారం చేయడం. షిఫ్టు ఏదైనా సరే, పూట తప్పకుండా రాశాడు. చలికాలం వచ్చేసరికి టోపీ లేకుండా వచ్చాడు. నడినెత్తిన సన్నటి నూగు మొలిచింది. చేతిలో పేడా డబ్బా.

"ఆంటీ, పాప పుట్టింది."

దీదీని పిలిచి ఇద్దరం చెరొక పేడా తిన్నాం. ఆ పూట నాకు భలే గర్వంగా అనిపించింది. పేషెంటు చేత మందు వదలకుండా వాడించడం చిన్న పని కాదు.

ఆ తర్వాత రెండున్నర నెలలకి వచ్చినప్పుడు తల మందుతో పాటు గ్రైప్ వాటర్ కూడా అడిగాడు. తల్లీపిల్లా భిలాయి వచ్చేశారన్నాడు, పాప సాయంత్రం పూట కడుపునొప్పితో ఏడుస్తోందన్నాడు. రెండు సీసాలూ ఒకే సంచిలో పెట్టి, ముడేసి, చేతికిచ్చాను. పాపని ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి పెట్టమని కూడా చెప్పాను. కౌంటర్‌కి ఆవల ఇంకో ఐదుగురు నిలబడి ఉన్నారు. ఆ రెండు సీసాలూ వెళ్ళేది ఒకే ఇంటికి, బహుశా ఒకే మంచం దగ్గరికి అన్న ఆలోచన నాకు రాలేదు. చర్మానికి రాసే మందు ఎవరి చర్మానికి తగిలినా పనిచేస్తుంది. అది తెలియకపోవడానికి నేను నిన్న చేరిన దాన్ని కాదు.

మరో మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం పిల్లల డాక్టరమ్మ కబురంపారు. ఆవిడది మధ్యప్రదేశ్. తెలుగు రాదు. గదిలోకి వెళ్తే ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అరవై దాటిన పెద్దావిడ ఒకరు, ఒళ్ళో పాపతో ఒక చిన్న అమ్మాయి. అత్తా కోడళ్ళు. భిలాయిలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న అత్తగారికి హిందీ బాగా వచ్చు. కోడలికి రాదు. డాక్టరమ్మ కోడలిని అడిగే ప్రతి ప్రశ్నకీ అత్తగారే జవాబు చెబుతోంది.

"ఈవిడని కాసేపు బయట కూర్చోబెట్టండి. తల్లి నోటి నుంచి వినాలి నాకు. మీరు తెలుగులో అడగండి," అన్నారు డాక్టరమ్మ నాతో.

అత్తగారు విసురుగా లేచింది. "అదేటి సెప్తాదండీ, దానికేటి తెలుసు?" అంటూనే బయటికెళ్ళింది.

ఆ అమ్మాయి పాప టోపీ తీసింది. అయిదారు నెలల పాప. బొద్దుగా ఉంది, నన్ను చూసి బోసినోరు తెరిచి నవ్వింది. నుదుటి మీద సన్నటి నల్లటి వెంట్రుకలు కనుబొమలతో కలిసిపోయాయి. చెంపల మీద, చెవుల మీద, చేతుల మీద, వీపంతా అలాగే. పుట్టిన పిల్లలకుండే నూగు కాదు, అంతకన్నా పొడుగు, అంతకన్నా నలుపు. రెండు చెంపలూ కంది ఉన్నాయి.

"ఈ ఎరుపేంటమ్మా?"

"నలుగు మేడమ్. మా అత్తగారు రోజూ శనగపిండి పెట్టి రుద్దుతున్నారు, పోతాదేమోనని. పాప గుక్క పట్టేస్తోంది. నేను పక్క గదిలోకెళ్ళి చెవులు మూసుకుంటున్నాను."

డాక్టరమ్మ అడుగుతున్నారు, నేను తెలుగులో అడుగుతున్నాను. కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా మందులు వేసుకుందా? ఐరన్ మాత్రలు తప్ప లేవు. పాపకి ఏదైనా ఆయింట్‌మెంట్ రాశారా? కొబ్బరి నూనె తప్ప లేదు. ఇంట్లో ఇంకెవరైనా ఏదైనా పూతమందు వాడుతున్నారా?

"లేదండి. మా ఆయనకి తలనొప్పి వచ్చినా మందేసుకోరు."

ఈ మాట నేనే హిందీలోకి మార్చి డాక్టరమ్మకి చెప్పాను.

"మీ అత్తగారు ఏమంటున్నారు?" అని అడిగాను వెళ్ళబోతూ. అది డాక్టరమ్మ ప్రశ్న కాదు, నాదే.

ఆ అమ్మాయి పాప వేళ్ళు సవరిస్తూ చెప్పింది. "మా అమ్మకి పైపెదవి మీద కొంచెం నూగుంటాది. అదే దిగిందంటన్నారు. మా ఇంటి రక్తమే మంచిది కాదంటన్నారు. పక్క క్వార్టర్ వాళ్ళు చూసి 'భాలూ' అన్నారు. అదేటో నాకు తెలీలేదు. మా ఆయన్ని అడిగితే చెప్పలేదు. తర్వాత టీవీలో ఎలుగుబంటిని చూపించినప్పుడు తెలిసింది."

ఇంటికెళ్ళినా ఆ మాట నన్ను వదల్లేదు.

రక్త పరీక్షలు చేశారు, కడుపు స్కాన్ చేశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండడంతో డాక్టరమ్మకి బెంగ ఇంకా పెరిగింది. లోపల ఎక్కడో చిన్న గడ్డలాంటిది ఉందేమో చూడాలి, పాపకి మత్తిచ్చి రాయపూర్‌లో పెద్ద స్కాన్ చేయించాలి అన్నారు. సోమవారానికి ఏర్పాటైంది. ఆ సంగతి విని అత్తగారు వరండాలో అందరికీ వినబడేలా అంది: "ఆ పరీచ్చ అయిపోనాక తల్లినీ గుంటనీ ఆలింటికి పంపించీడమే. ఆలే సూసుకుంతారు." కోడలు పాప టోపీ సరిచేసింది.

స్కాన్ కాగితాల మీద తండ్రి సంతకం కావాలి, తండ్రితో మాట్లాడాలి కూడా, శనివారం తప్పకుండా రావాలన్నారు డాక్టరమ్మ. అంతవరకూ ఆయన ఒక్కసారీ రాలేదు. ప్రతిసారీ షిఫ్టు అనేవారట.

శనివారం పదకొండు గంటలకి సెలైన్ సీసాల ట్రే పట్టుకుని ఇంజెక్షన్ గదికి వెళ్తున్నాను. వరండాలో బెంచీ మీద అత్తా కోడళ్ళు కూర్చున్నారు. పక్కన పాపని భుజాన వేసుకుని ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. పాప రెండు గుప్పిళ్ళతో అతని జుట్టు పట్టుకుని లాగుతోంది. ఆ మనిషి, అలవాటైన పని కాబోలు, దాని చేతికందేలా తల వంచాడు. పాప కేరింతలు కొట్టి, ఆ గుప్పెడు తీసుకెళ్ళి నోట్లో పెట్టుకుంది.

అతను ఇటు తిరిగాడు. నా దగ్గర తల మందు తీసుకెళ్ళే కుర్రాడు.

నన్ను చూసి కళ్ళతోనే బతిమాలాడు. చెప్పొద్దని. నేను ఏం చెబుతానని అనుకున్నాడో గాని, నేను తిన్నగా ఇంజెక్షన్ గదిలోకి నడిచాను. ట్రే దీదీ బల్ల మీద పెట్టేశాను.

"క్యా హువా దీదీ?" అందామె.

"పది నిమిషాలు కౌంటర్ చూస్తావా?" అన్నాను.

స్టోర్ గదిలోకెళ్ళి ఆ మందు డబ్బా ఒకటి చించి లోపలి కాగితం తీశాను. దీపం కిందికెళ్ళి, కళ్ళద్దాలు ముక్కు చివరికి లాక్కుని చదివాను. రెండో పక్క, కింది నుంచి మూడో పేరాలో ఉంది. చిన్నపిల్లలకి తగలనీయకూడదు. తగిలితే పిల్లలకి ఒంటి మీద వెంట్రుకలు పెరగవచ్చు. ఏడాదిగా ఈ డబ్బాలు నేను అమ్ముతున్నాను. ఆ కాగితం మడత విప్పడం అదే మొదటిసారి.

బయటికొచ్చి, "పాప ఫారంలో తండ్రి వివరాలు రాయాలి, ఒకసారి రండి," అని అందరి ముందూ పిలిచాను. పాపని భార్యకిచ్చి వచ్చాడు. స్టోర్ గది తలుపు దగ్గరగా వేశాను.

"పాప ఎక్కడ పడుకుంటుంది?"

"ఏంటాంటీ?"

"నువ్వు మందు రాసుకున్నాక పాప ఎక్కడ ఉంటుంది, చెప్పు."

"నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి రాసుకుని పడుకుంటాను. పాప నా పక్కనే... నా దిండు మీదే. అలా అయితేనే నిద్రపోతాది. కానీ చేతులు కడుక్కుంటున్నానాంటీ. మీరు చెప్పినట్టే."

"తల?"

వాడు నా ముఖంలోకి చూశాడు. నేను కాగితం చూపించి ఆ మూడు లైన్లూ తెలుగులో చెప్పాను. రెండోసారి అడిగితే మళ్ళీ చెప్పాను.

"గీత దాకానే రాస్తున్నావా?"

"రెండు గీతలు. జల్దీ వస్తాదని."

తర్వాత గోడకానుకుని, "అంటే నా వల్లేనా?" అన్నాడు.

"నీ వల్ల, నా వల్ల. గ్రైప్ వాటర్ ఇచ్చిన రోజు నేను అడగాల్సింది. అడగలేదు."

అంతలోనే వాడికి ఏదో దారి దొరికినట్టయింది. "ఇవాళే ఆపేస్తాను. ఇంటికెళ్ళి సీసా పారేస్తాను. ఆపేస్తే పోతాది కదా? ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు కదాంటీ?"

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ ఆ దారి బాగానే కనిపించింది. నా తప్పు కూడా ఆ సీసాతో పాటే పోయేది.

"సోమవారం పాపకి మత్తిచ్చి స్కాన్ చేస్తారు. ఏం చెప్పి ఆపుతావు?" అన్నాను. "మీ అమ్మ ఆ అమ్మాయిని పలాస పంపిస్తానంటోంది. ఏం చెప్పి ఆపుతావు?"

"మిల్లులో తెలిస్తే నన్ను బతకనివ్వరాంటీ. అమ్మకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే."

"చూడు నాయనా. నీ మందు సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట మీదే ఉంటాను. కానీ నేను చేసిన తప్పు నాది. అది డాక్టరమ్మకి చెప్పుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇలాంటి మందు ఇచ్చాను, ఇంట్లో పసిపిల్ల ఉందా అని అడగలేదు అంటాను. పేరు చెప్పను. ఆవిడ తెలివైన మనిషి. ఒంటిగంటకి వెళ్ళిపోతారు. ఈలోపు నువ్వెళ్తావో, నేనెళ్తానో తేల్చుకో."

అది బెదిరింపేనని అప్పుడూ తెలుసు. ఇన్నేళ్ళయినా దానికి ఇంకో పేరు పెట్టలేకపోయాను. కానీ అదే పరిస్థితి మళ్ళీ వస్తే మళ్ళీ అలాగే బెదిరిస్తాను.

వాడు అరల్లో ఉన్న మందుల వంక కాసేపు చూశాడు. తలుపు తీసుకుని తిన్నగా డాక్టరమ్మ గదిలోకి నడిచాడు. భార్యనీ తల్లినీ కూడా లోపలికి రమ్మన్నాడు. నన్నూ రమ్మన్నాడు.

హిందీలో డాక్టరమ్మకి ముందు చెప్పాడు. ఎప్పటినుంచి రాస్తున్నాడో, ఎంత రాస్తున్నాడో, పాప ఎక్కడ పడుకుంటుందో అంతా. రెండు గీతల సంగతి కూడా దాచలేదు. ఆ తర్వాత భార్య వైపు తిరిగి తెలుగులో మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. హిందీలో గడగడా చెప్పినవాడు తెలుగులో మాట మాటకీ ఆగాడు.

తల్లి మధ్యలో అందుకుంది. "ఏటి? ఏటి మందు?"

"జుట్టుకి మందమ్మా."

"జుట్టుకా! మీ నాన్నకి నేదు, మీ తాతకి నేదు. ఆలు బతకనేదేటి? ఆలకి పెల్లిల్లు అవనేదేటి?"

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి పాపని గుండెకి దగ్గరగా జరుపుకుంది. "ఇన్నాళ్ళూ మా అమ్మని, నన్ను ఎన్ని మాటలన్నారు. మీరు వింటూనే ఉన్నారు," అంది భర్తతో.

"పాపకి దీనివల్లని నాకూ తెలీదు. ఒట్టు. ఇవాళే తెలిసింది."

"పాప సంగతి కాదండీ. మందు సంగతి. నాకెందుకు దాచారు? నేను మీ నెత్తి చూసి పెళ్ళి చేసుకున్నానా?"

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "దీనివల్లే అని మీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు మేడమ్. కానీ తెలుసుకోవడం సులువు. మందు ఆపి చూడొచ్చు. మత్తిచ్చి స్కాన్ చేయడం కన్నా అది ముందు చేయొచ్చు." తర్వాతి మాట కూడా చెప్పేశాను. "ఈ మందు నేనే ఇచ్చాను. పిల్లల సంగతి అడగకుండా ఇచ్చాను."

ఆవిడ చర్మం డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఇలా జరగవచ్చని, ఒంట్లోకి దిగితే ఈ మందు గుండె మీద కూడా పనిచేస్తుంది గనక పాప గుండె ఒకసారి చూడమని ఆయన చెప్పారు. అప్పటికప్పుడే చూశారు. గుండె బాగానే ఉంది. స్కాన్ రెండు నెలలు వాయిదా వేశారు. ఇంట్లో దిండ్లు, దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నీ వేడినీళ్ళలో ఉతకమన్నారు. తలకి మందు బంద్. నలుగు కూడా బంద్. ఈ చివరి మాట డాక్టరమ్మ నేరుగా అత్తగారి కళ్ళలోకి చూసి చెప్పారు.

ఆ సాయంత్రం చర్మం డాక్టరుగారు కౌంటర్ దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నాను. "నేనూ అడగలేదు. చీటీ మీద వయసు చూశాను, తల చూశాను. ఇంటి సంగతి అడగలేదు," అని వెళ్ళి తన గదిలో కూర్చున్నారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ తర్వాతి వారాలు గడవడం కష్టమైంది. ఇందులో మీకు చెప్పాల్సింది ఒకటుంది. ఒక పరీక్షను నేను ఆపించాను. నేను పొరబడి ఉంటే, నిజంగానే ఆ పాప లోపల ఏదైనా గడ్డ ఉంటే, దానికి నేను రెండు నెలల సమయం ఇచ్చినట్టే. పగలు పని మీద మనసు పెడితే కాస్త మరిచిపోయేదాన్ని. కౌంటర్ ఖాళీ అయితే చాలు, మళ్ళీ అదే. దీదీ గ్రహించింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చుకుని నా పక్కన కూర్చుని తినేది.

నెల తిరిగాక అత్తగారు ఒక్కతే వచ్చింది. కౌంటర్ మీద చెయ్యి వేసి, "ఏటమ్మా, మీరు సెప్పి నెల్లాల్లయిపోనాది. ఒక్క ఎంట్రుకా రాల్నేదు. మందులమ్మేవోలకి డాట్రు పనెందుకు?" అంది.

"ఇంకో నెల ఆగండమ్మా. పెరిగినంత తొందరగా పోదు."

"పోకపోతే?"

"పోకపోతే రాయపూర్ నేనే తోడొస్తాను. నా మీదే కోప్పడండి, ఆ అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి."

అలా అనగలిగానే గాని, ఆవిడ వెళ్ళాక బిల్లు పుస్తకంలో ఒకే లైను మూడుసార్లు తప్పు రాశాను.

ఏడో వారంలో కోడలు వచ్చింది. ఎవరూ తోడు లేరు. సెక్టర్ ఫోర్ నుంచి ఆటో తనే మాట్లాడుకుని, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతోనే వచ్చింది. జనాన్ని దాటుకుని కౌంటర్ ముందుకొచ్చి పాప టోపీ తీసేసింది. ఇదివరకు డాక్టరమ్మ గదిలో తప్ప ఎవరి ముందూ తీసేది కాదు.

"నిన్న నూనె రాస్తుంటే చేతికి అంటుకుని వచ్చేశాయి మేడమ్. ఈ నుదురు చూడండి."

పాప గడ్డం పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందికి తిప్పాను. కనుబొమలకీ తల జుట్టుకీ మధ్య వేలెడు జాగా తెల్లగా కనిపించింది. దీదీని కేకేశాను. ఆమె ఇంజెక్షన్ పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. మందుల కోసం నిలబడ్డవాళ్ళు చికాకు పడ్డారు. పడనిచ్చాం.

డాక్టరమ్మ స్కాన్ కాగితం చింపేశారు. పాపకి తొమ్మిదో నెల దాటేసరికి ముఖం, చేతులు శుభ్రమయ్యాయి. వీపు మీద ఉన్నది ఇంకొన్నాళ్ళకి పోయింది. అత్తగారు ఆ తర్వాత వియ్యపురాలి పైపెదవి గురించి మాట్లాడలేదని విన్నాను. కోడలిని క్షమాపణ అడిగిందని మాత్రం వినలేదు. పలాస పంపించే మాట కూడా మళ్ళీ రాలేదు.

మందు ఆపడంతో వాడి జుట్టు సంగతి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకొంచెం పోయింది కూడా. మిల్లులో సంగతి తెలిసిపోయిందట. వారం రోజులు ఆడించి, తర్వాత ఎవరి గోలలో వాళ్ళు పడిపోయారట. "నేను అనవసరంగా భయపడ్డానాంటీ," అన్నాడు ఒకసారి.

పాపకి మూడేళ్ళు నిండి బడికి వెళ్ళడం మొదలుపెట్టాక భార్యాభర్తలిద్దరూ చర్మం డాక్టరుగారి దగ్గరికి వచ్చారు. వాడు మళ్ళీ మందు మొదలుపెడతానన్నాడు. ఈసారి అదే చీటీ పట్టుకుని వరసలో తన వంతు దాకా నిలబడి, అందరూ వినేలా మందు పేరు చెప్పి అడిగాడు. పాప బడికెళ్ళాక ఒకసారి, సాయంత్రం డ్యూటీకి బయల్దేరే ముందు ఒకసారి రాయాలని, తల ఆరేదాకా పాపని ఎత్తుకోకూడదని, దిండు వేరే ఉండాలని నేను చెబుతుంటే ఆ అమ్మాయి మధ్యలో ఆపింది.

"అవన్నీ నేను చూసుకుంటాను మేడమ్. డ్రాపర్ నా దగ్గరుంటాది. ఒక్క గీతే."

ఆ రోజు నుంచి నేను ఉద్యోగం మానేదాకా ఆ మందు అడిగిన ప్రతి మనిషినీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగాను. పెళ్ళికాని కుర్రాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. కొందరు కోప్పడేవాళ్ళు. ఒకాయన వెళ్ళి ఇంకో దుకాణంలో కొనుక్కున్నాడు. తర్వాతి ఏళ్ళలో కౌంటర్‌లో నాతో చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. మీరు కూడా అడిగితే మిమ్మల్ని చూసీ నవ్వుతారు. అడగండి. చీటీ మీద ఒక్క మనిషి పేరే ఉంటుంది. మందు వెళ్ళేది ఇంటికి.

నేను పనిచేసిన చివరి వారంలో యాభై అయిదేళ్ళ ఆయన ఒకరు వచ్చారు. రుఆబాంధాలో ఉంటారట, తలమీద పావు వంతు జుట్టు మిగిలింది. కూతురి రిసెప్షన్ ఉందని, తొందరగా ఇమ్మని అన్నారు. నేను నా ప్రశ్న అడిగాను.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా అండీ?"

"మందు నా నెత్తికండీ. మా ఇంటి జనాభా లెక్క ఎందుకు మీకు?"

"ఉన్నారా?"

ఆయన విసుక్కుంటూ కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఉంది. పెద్దమ్మాయి కూతురు. ఎనిమిది నెలలు. రోజంతా నా భుజం మీదే ఉంటుంది. అయితే ఏంటి?"

నేను కౌంటర్ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆయనకి బెంచీ చూపించాను.

"కూర్చోండి. అయిదు నిమిషాలు పడుతుంది."